సయ్యద్ అబ్దుల్ రహీం: రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిన హైదరాబాదీ బడిపంతులు

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఇప్పటివరకు గెలిచిన స్వర్ణ పతకాలు రెండే. ఒకటి 1951లో దిల్లీలో, మరొకటి 1962లో జకార్తాలో వచ్చింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు సెమీఫైనల్‌కు చేరింది ఒక్కసారే, 1956లో మెల్‌బోర్న్‌లో. ఈ మూడు సందర్భాల్లోనూ జట్టు కోచ్ ఒక్కరే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడి, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన మనిషి.

ఆటగాళ్లు ఆయన్ను 'రహీం సాబ్' అని పిలిచేవారు. 1963లో 53 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించారు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ ఆ స్థాయిని మళ్లీ అందుకోలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ పరిస్థితీ అంతే. ఒక కోచ్ మరణంతో ఒక యుగం ముగిసిందని అనడం తేలిక. ఆయన కట్టిన వ్యవస్థ ఆయన తర్వాత ఎందుకు నిలవలేదన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ఆయన జీవితాన్ని కాలేజీ రోజుల నుంచి చూడాలి.

ఉస్మానియా మైదానం నుంచి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అది నిజాం పాలనా కాలం. కంటోన్మెంట్ ఉన్న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనికులు ఆడే ఫుట్‌బాల్ మెల్లగా నగరంలోని బస్తీలకు, బడులకు, పోలీసు లైన్లకు చేరుతున్న రోజులవి. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను అందించడమే కాదు, ఆటలకూ చోటిచ్చింది. రహీం అక్కడ బీఏ చదివారు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. 'ఇలెవెన్ హంటర్స్' పేరుతో ఉస్మానియా ఆటగాళ్లు కూడిన జట్టులో ఆయన ఒకరు. తర్వాత స్థానిక లీగ్‌లో బలమైన జట్లలో ఒకటైన ఖమర్ క్లబ్ తరఫున ఆడారు.

చదువు అయ్యాక ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పని చేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకుని బడుల్లో ఆటల బాధ్యత చూశారు. ఆటగాడిగా ఆయన పేరు హైదరాబాద్ దాటి పెద్దగా వినిపించలేదు. ఆ తర్వాతి కథలో కనిపించేదంతా ఉపాధ్యాయుడి పనితనమే. ఎవరికి ఏది రాదో గుర్తించడం, దాన్ని చిన్న చిన్న పాఠాలుగా విడగొట్టి నేర్పించడం, వెనుకబడినవాడికి ధైర్యం చెప్పడం ఆయన శిక్షణలో చివరిదాకా ఉన్నాయి.

మూడు కుర్చీలు, ఒకే మనిషి

1940ల తొలినాళ్లలో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ సంఘం బాధ్యతలూ చూశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా, దాదాపు అదే సమయం నుంచి భారత జట్టుకు కోచ్‌గా ఉన్నారు. అంటే లీగ్ నడిపేది, నగరంలోని మేటి జట్టును తయారు చేసేది, దేశ జట్టును తీర్చిదిద్దేది కూడా ఆయనే.

ఈ అమరికకు లాభం ఉంది. బస్తీ మైదానంలో కనిపించిన కుర్రాడు లీగ్‌లోకి, అక్కడి నుంచి సంతోష్ ట్రోఫీ జట్టులోకి, అక్కడి నుంచి భారత శిబిరానికి ఒకే శిక్షణ పద్ధతిలో ఎదిగేవాడు. నష్టమూ ఉంది. ఎంపిక చేసేవారు, శిక్షణ ఇచ్చేవారు, సంఘాన్ని నడిపేవారు ఒక్కరే అయినప్పుడు ఆ పద్ధతి కాగితం మీదకు రావాల్సిన అవసరం ఉండదు. అదంతా ఆ మనిషి తలలోనే ఉంటుంది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఫలితాలు మాత్రం అబ్బురపరిచేవి. బొంబాయిలో 1891 నుంచి జరుగుతున్న రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. స్వాతంత్ర్యం తర్వాత తిరిగి మొదలైన డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి అందుకుంది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడి ఫైనల్లో మరోసారి మోహన్ బగాన్‌నే ఓడించింది. రాష్ట్ర జట్ల పోటీ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో హైదరాబాద్ దానికి సాటిగా నిలిచింది.

ఎలా నేర్పేవారు

రహీం శిక్షణ గురించి ఆయన శిష్యులు, క్రీడా చరిత్రకారులు చెప్పిన విషయాల్లో తరచూ వినిపించేవి ఆయన పెట్టిన వింత టోర్నీలు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక టోర్నీ. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకొకటి. తక్కువ మంది ఆటగాళ్లతో, చిన్న మైదానంలో మరొకటి.

వీటి వెనుక లెక్క ఉంది. అప్పటి భారత ఆటగాళ్లలో చాలామంది బంతిని కాలికి అంటిపెట్టుకుని ఇద్దరు ముగ్గురిని దాటించుకుపోవడంలో నేర్పరులు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ దానికే. కానీ శారీరకంగా దృఢమైన యూరప్ జట్ల ముందు ఆ ఆట ఎక్కువసేపు సాగదు. డ్రిబ్లింగ్ వద్దంటే ఆటగాడు బంతి వచ్చేలోపే తర్వాతి పాస్ ఎవరికివ్వాలో ఆలోచించుకోవాలి. ఎడమకాలితోనే తన్నాలంటే ప్రత్యర్థి ఒకవైపు మూసేసినా రెండోవైపు దారి దొరుకుతుంది. బడిలో లెక్కల మాస్టారు బలహీనమైన అంశం మీద ఎక్కువ లెక్కలు ఇచ్చినట్టే ఇదీ.

ఆటగాళ్లను వెతికిపట్టుకోవడం కూడా ఆయన పనే. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను స్థానిక మ్యాచ్‌లో చూసి ఎంపికలకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెబితే, సైకిల్ అద్దెకు తానే డబ్బులిచ్చారని బలరామ్ తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకునేవారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఆడాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి కలకత్తాలో స్టార్ అయ్యాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ ముగ్గురూ కలిసి భారత ఫుట్‌బాల్ చరిత్రలో మేటి ఫార్వర్డ్ త్రయంగా పేరుపొందారు.

దిల్లీ స్వర్ణం, హెల్సింకీ గుణపాఠం

1951 మార్చిలో దిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా సారథ్యంలోని భారత జట్టు ఇండొనేషియాను 3-0తో, అఫ్గానిస్థాన్‌ను 3-0తో ఓడించి, ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచింది. గోల్ కొట్టింది సాహు మేవాలాల్.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్ ఆ సంబరాన్ని నేల మీదకు దించింది. తొలి మ్యాచ్‌లోనే యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో చిత్తయింది. మన ఆటగాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. ఆ ఓటమి తర్వాతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అయితే తేడా బూట్లలో మాత్రమే లేదు. భారత జట్లు అప్పటికి ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌ల పాత పద్ధతిలోనే ఎక్కువగా ఆడుతున్నాయి. యూరప్‌లో రక్షణకు మూడో బ్యాక్ వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. అదే హెల్సింకీలో స్వర్ణం గెలిచిన హంగేరీ, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి ప్రత్యర్థి డిఫెండర్లను అయోమయంలో పడేసే ఆట చూపించింది. తనను వెంటాడాల్సిన డిఫెండర్ ముందుకొస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే బంతి పంచడానికి తీరిక దొరుకుతుంది.

రహీం ఈ పాఠాన్ని గట్టిగా పట్టుకున్నారు. మూడో బ్యాక్‌ను తెచ్చారు. ఒక ఫార్వర్డ్‌ను వెనక్కి దించి మధ్యలో ఆట నడిపించారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ గెలుపుతో ప్రపంచానికి పరిచయమైన 4-2-4 వైపు రహీం అంతకుముందే అడుగులు వేశారని భారత ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు చెబుతారు. టీవీ ప్రసారాలు, వీడియోలు లేని కాలంలో హైదరాబాద్‌లోని ఒక ఉపాధ్యాయుడు చూసింది గుర్తుపెట్టుకుని, పోలీసు జట్టు మీద ప్రయోగించి, దేశ జట్టుకు వర్తింపజేయడం ఇక్కడ గమనించాల్సిన విషయం.

మెల్‌బోర్న్: నాలుగో స్థానం

1956 ఒలింపిక్స్‌కు సమర్ బెనర్జీ సారథ్యంలో వెళ్లిన జట్టులో హైదరాబాదీలు గణనీయంగా ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, లతీఫ్ వారిలో కొందరు.

తొలి రౌండ్ ప్రత్యర్థి హంగేరీ పోటీల నుంచి తప్పుకుంది. డిసెంబరు 1న క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. గోవా మూలాలున్న బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. నాలుగో గోల్ కృష్ణస్వామిది.

సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియా ఎదురైంది. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ కొట్టిన దేశం అది. ఈసారి మొదటి గోల్ కొట్టింది భారత్. రెండో సగం ఆరంభంలో డిసౌజా గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లింది. తర్వాత యుగోస్లావియా పుంజుకుని 4-1తో గెలిచింది. దేశవాళీ టోర్నీల్లో అప్పట్లో మ్యాచ్ 70 నిమిషాలే కాబట్టి చివరి 20 నిమిషాలు మన ఆటగాళ్లకు కొత్త పరీక్షే. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. భారత్‌ది నాలుగో స్థానం. నాలుగు గోల్స్‌తో డిసౌజా టోర్నీ టాప్ స్కోరర్లలో ఒకడయ్యాడు.

10-1 నుంచి 4-1కు తగ్గడం స్కోరుబోర్డు మీద కనిపించే మార్పు. అదే ప్రత్యర్థిపై దాదాపు గంటసేపు సమానంగా నిలవడం రహీం సాధించిన అసలు మార్పు.

రోమ్ దారి

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో కఠినమైన గ్రూపు పడింది. హంగేరీ చేతిలో 2-1తో ఓడింది. భారత్ గోల్ బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకుంది. ఆ గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడు మళ్లీ బలరామే గోల్ కొట్టాడు. గ్రూపు దాటకపోయినా ఏ మ్యాచ్‌లోనూ జట్టు చతికిలపడలేదు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు మళ్లీ అర్హత సాధించలేదు.

ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. అయితే రోమ్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. తండ్రే కోచ్ అయినా తుది జట్టులో చోటు దక్కలేదు.

జకార్తా: శత్రు మైదానంలో

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. అయినా జట్టుతో వెళ్లారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచినా, ఆ మ్యాచ్‌లో కీలక డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పీకే బెనర్జీ, బలరామ్ గోల్స్‌తో జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్ చేరారు.

కుట్లతో ఉన్న డిఫెండర్‌ను వెనుక ఆడిస్తే బంతిని తలతో కొట్టక తప్పదు, ఒక్క తప్పుతో గోల్ పోవచ్చు. బయట కూర్చోబెడితే జట్టు బలం తగ్గుతుంది. రహీం మూడో దారి వెతికారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడు. అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో జర్నైల్ ఒక గోల్, కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోల్స్ కొట్టారు.

ఈలోగా మైదానం బయట నిప్పు రాజుకుంది. ఆతిథ్య ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్‌లకు అవకాశం ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనలేమని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. జకార్తాలో భారత వ్యతిరేక నిరసనలు చెలరేగాయి. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్‌కు సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది వచ్చారు. భారత జాతీయ గీతానికీ, మన ఆటగాడి కాలికి బంతి తగిలిన ప్రతిసారీ ఈలలు, కేకలు వినిపించాయి. మైదానంలో తమకు మద్దతుగా అరిచింది పాకిస్థాన్ హాకీ జట్టేనని ఆ జట్టు సభ్యులు తర్వాత చెప్పుకొనేవారు.

ఫైనల్ ప్రత్యర్థి తొలి మ్యాచ్‌లో ఓడించిన దక్షిణ కొరియానే. జ్వరం నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను రహీం తిరిగి గోల్‌పోస్టులో నిలబెట్టారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివరి నిమిషాల్లో ఒక గోల్ తిరిగిచ్చింది. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

తర్వాత ఏమైంది

పతనం ఒక్క రోజులో రాలేదు. రహీం తయారుచేసిన తరం ఇంకా ఆడుతూనే ఉంది. 1964 ఆసియా కప్‌లో భారత్ రన్నరప్. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున బరిలో దిగిన మహమ్మద్ హబీబ్‌ది కూడా ఈ నగరమే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్‌ల వరకు ఈ వరస సాగింది.

కానీ 1970 కాంస్యం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకం లేదు. 1965-66 తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు గానీ, 2014 తర్వాత తెలంగాణకు గానీ సంతోష్ ట్రోఫీ దక్కలేదు.

కారణాలు చాలా ఉన్నాయి. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్‌లకు వలస వెళ్లారు. ఉద్యోగం ఇచ్చి ఆడించే పోలీసు, ప్రభుత్వ రంగ జట్లు బలహీనపడ్డాయి. బస్తీ మైదానాలు తగ్గాయి. క్రికెట్ పెరిగింది. జపాన్, కొరియా, ఇరాన్‌లు ఆటను వ్యవస్థగా మార్చుకుని ముందుకెళ్లాయి. వీటికి తోడు హైదరాబాద్‌కు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. లీగ్, క్లబ్, శిక్షణ, ఎంపిక అన్నీ ఒక్క మనిషి చుట్టూ తిరిగాయి. బలహీనమైన కాలి టోర్నీ ఎందుకు పెట్టాలో తెలిసిన మనిషి పోయాక ఆ టోర్నీ పెట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేకుండా పోయింది. ఆయన శిష్యుల్లో కొందరు మంచి కోచ్‌లయ్యారు. కానీ వారికి దొరికింది గురువు జ్ఞాపకమే. రాతలో ఉన్న పాఠ్యప్రణాళిక కాదు.

గుర్తింపు

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం చనిపోయి 22 ఏళ్లు. ఆయన కొడుకు హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా, ఫిఫా రెఫరీగా పనిచేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021 ఆగస్టులో మరణించారు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టులో వెళ్లిపోయారు. రహీంను, ఆయన శిక్షణను దగ్గరగా చూసినవారు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ ప్రధాన పాత్రలో, అమిత్ శర్మ దర్శకత్వంలో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' రహీం పేరును కొత్త తరానికి చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ మ్యాచ్‌లు దశాబ్దాల తర్వాత హైదరాబాద్‌లో జరిగాయి. గచ్చిబౌలి స్టేడియంలో ఫైనల్ ఆడింది బెంగాల్, కేరళ. అంతకుముందు 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినా, కొద్దికాలానికే ఆ క్లబ్ ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకుంది. నగరం పేరున్న జట్టు ఉండటం వేరు, నగరంలోని బడుల్లోంచి ఆటగాళ్లు రావడం వేరు. రహీం పని మొదలైంది రెండోదానితోనే.

ముఖ్య ఘట్టాలు

1909: ఆగస్టు 17న హైదరాబాద్‌లో జననం.
1940ల ఆరంభం: హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి.
1950: హైదరాబాద్ సిటీ పోలీస్‌కు డ్యూరాండ్ కప్. వరసగా ఐదు రోవర్స్ కప్‌లకు ఆరంభం.
1951: దిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం.
1952: హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 ఓటమి.
1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం.
1960: రోమ్ ఒలింపిక్స్. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా.
1962: సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం.
1963: జూన్ 11న మరణం.